ఆపేద్దాం అన్నదెవరు

తెరమీద ఆవిడ పెదవులు కదిలి ఆగాయి, మాట మాత్రం ఇంకా రాలేదు. ముందు పెదవులు, కాస్త ఆగి గొంతు, ఆ పైన దుబాసీ నోట తెలుగు, ఒక్కో ప్రశ్నా ఇలా మజిలీలు చేసుకుంటూ వచ్చి చేరుతోంది, ఆ మధ్యలో వదినకి కావలసినంత తీరిక, ఆ తీరిక నిండా గుండెదడ. ఆవిడ ఏ దేశంలో కూర్చుందో తెలియదు, అక్కడ పొద్దున్నో సాయంత్రమో తెలియదు, వెనకాల తెల్లగోడ, మెడలో గుర్తింపు కార్డు, నెరిసిన జుట్టు చక్కగా దువ్వుకుంది, మనిషి చెడ్డదానిలా లేదు, అదే వచ్చిన చిక్కు, చెడ్డదైతే హాయిగా తిట్టుకోవచ్చు. దుబాసీ కనిపించడు, గొంతొక్కటే, జలుబు చేసినట్టుంది పాపం, మధ్యమధ్యలో "ఒక్క క్షణమండీ" అని పక్కకి తిరిగి దగ్గుతున్నాడు. పరీక్షలకి అద్దెకిచ్చే గది ఇది, ఈ కుర్చీ ఎంత పైకి లేపినా మనిషి కూర్చోగానే మెల్లగా కిందికి దిగిపోతుంది, లేచి మళ్ళీ మీట నొక్కుదామంటే పరీక్ష జరుగుతుండగా కెమెరా ముందునుంచి కదలకూడదు, కదిలితే హెచ్చరిక, మళ్ళీ కదిలితే ఇంటికే. అందుకని కదలకుండా కూర్చుంది, ఆవిడేమో తెరమీద అలాగే నిటారుగా ఉంది, తను మాత్రం అంగుళం అంగుళం కుంగిపోతోంది, ఇంకాసేపట్లో గడ్డం బల్లకి ఆనేలా ఉంది. అదే ఇంకో రోజైతే నవ్వుకునేది.

"మేడమ్ అడుగుతున్నారండీ," అన్నాడు దుబాసీ, "ఆ రోజు జరిగింది మొదట్నుంచీ చెప్పమంటున్నారు. తొందరేం లేదంట."

తొందర లేనిది ఆవిడకి. ఈవిడకి ఒకటో తారీకు మెడమీద కూర్చుంది. కిందటేడు వీళ్ళ కంపెనీని సముద్రాల అవతలి కంపెనీ ఒకటి కొనేసింది, కొన్నవాళ్ళ తరఫు మనుషులు వచ్చి అందరితో చేతులు కలిపారు, గుంపుగా ఫొటో దిగారు, మీరంతా మా కుటుంబం అన్నారు, వెళ్ళిపోయారు, వాళ్ళ వెనకే నియమం వచ్చింది. తమ ఆఫీసులున్న అన్ని దేశాల్లోనూ పనివాళ్ళందర్నీ ఒకే కొలబద్దతో కొలుస్తారట, మెట్లు ఏడట, నాలుగో మెట్టు పత్రం లేనివాళ్ళు వచ్చే ఒకటి నుంచి నడుస్తున్న వ్యవస్థ మీద వేలు పెట్టకూడదట. వేలు పెట్టకపోతే వదినకి పనే లేదు. రక్తనిధి కంప్యూటర్లు చూసేది ఆమే, ఆమె ఆడపడుచూ. ఊళ్ళో ఏ ఆసుపత్రికి ఏ గ్రూపు రక్తం కదలాలన్నా ముందు వీళ్ళిద్దరి తెరమీద కనపడి కదలాల్సిందే. రాతపరీక్ష ఇద్దరూ గట్టెక్కారు, చేతిపని పరీక్ష పడుతూ లేస్తూ గట్టెక్కారు, మిగిలింది ఈ నోటి పరీక్ష. ఒత్తిడిలో మీ అంతట మీరు ఒక పెద్ద నిర్ణయం తీసుకున్న సంఘటన చెప్పాలి. వాళ్ళ జీవితం మొత్తానికి అలాంటిది ఒక్కటే ఉంది, ఆ ఒక్కటీ ఇద్దరిదీ. ఇద్దరూ అదే రాసి పంపారు, ఇద్దరూ మేము అనే రాశారు. ఒక నిర్ణయానికి ఒక్కరే యజమాని అని జవాబొచ్చింది. వేరువేరు గదుల్లో ఒకే గంటలో ఇద్దర్నీ అడుగుతారట, ఇద్దరూ ఒక్క మనిషినే చూపిస్తే ఆ మనిషికి నాలుగో మెట్టు, రెండో మనిషికి నమస్కారం. చెరొకర్ని చూపించినా, మళ్ళీ మేము అన్నా, ఇద్దరికీ కలిపి ఒకే నమస్కారం.

నిన్న బస్సులో కూర్చుని చంటి తేల్చేసింది. చంటి అంటే ఆ ఆడపడుచే, నలభై దాటి నాలుగు వెంట్రుకలు తెల్లబడినా ఇంటికి ఆఖరుది కాబట్టి ఇంకా చంటే. "చూడు వదినా, చచ్చినా మేము అనే చెబుదాం. ఇద్దర్నీ ఒకేసారి పీకేస్తే రక్తనిధి ఎవడు చూస్తాడు, వాళ్ళ తాత చూస్తాడా? వారం తిరక్కుండా కాళ్ళబేరానికి వస్తారు," అంది. వదిన సరే అంది. చంటి ఏదన్నా తేల్చి చెబితే సరే అనడమే ఆమెకి అలవాటు, ఆడబిడ్డ అర్ధమొగుడని పెద్దలు ఊరికే అన్నారా అని మొగుడి దగ్గర వేళాకోళం కూడా చేస్తుంది, ఆయనేమో ఆ మిగతా సగానికైనా నన్ను ఉండనివ్వండి మహాప్రభో అంటాడు. సరే అంది గానీ బస్సు దిగేలోపే లోపల పురుగు తొలచడం మొదలైంది. కాళ్ళబేరానికి రాకపోతే? దేశానికొక ఆఫీసు ఉంది వాళ్ళకి, ఏదో ఒక దేశంలో నాలుగో మెట్టువాళ్ళు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చునే ఉంటారు, రక్తం ఇక్కడ ఉంటే ఏం, లెక్క ఎక్కడ్నుంచైనా చూడొచ్చు. ఈ మాట చంటికి తోచలేదా? దానికి తోచకపోవడమేమిటి, ఏ తేడా అయినా తనకన్నా ముందు కనిపెట్టేది అదే కదా.

"చెప్పండి," అని దుబాసీ మెల్లగా గుర్తుచేశాడు.

"ఆ రోజు మధ్యాహ్నం మేము అప్పుడే భోంచేసి వచ్చి కూర్చున్నామండీ. మా ఆయన ఫోన్ చేస్తే మా ఆడపడుచు తీసింది..."

అటు వెళ్ళింది మాట. తెరమీద ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. ఏదో రాసుకుంది, పెన్ను ఆపింది, అడిగింది.

"ఏమనుకోకండీ," అన్నాడు దుబాసీ, "మీ ఇద్దరికీ ఒకాయనే భర్తా అని అడుగుతున్నారు."

"అయ్యో రామ! నాకు మొగుడండీ. దానికి అన్నయ్య."

"నాకు అర్థమైందండీ. కానీ మీరు మా అంటే నేను మా అనే చెప్పాలి. సొంతంగా సర్దకూడదు, ఒప్పందం," అని దగ్గాడు, దగ్గులో నవ్వు కూడా ఉందేమో.

వదినకీ నవ్వొచ్చింది, వచ్చి గొంతులోనే కూర్చుండిపోయింది. నిజమే మరి, మా ఆయన అంటే ఎంతమందికి ఆయన? పుట్టి బుద్ధెరిగాక నా మొగుడు అన్నది ఎప్పుడు, ఒక్కసారి, కోపంలో, నా మొగుడు నా ఇష్టం అని ఎవరితోనో అనబోయి తనే నాలిక్కరుచుకుంది. మా అమ్మ, మా ఇల్లు, మా ఊరు, మా పిల్ల. అన్నదమ్ములు లేని ఒక్కగానొక్క కూతురూ మా అమ్మ అనే అంటుంది, ఒంటరిగా ఉండే ముసలాయనా మా ఇంటికి రండి అనే పిలుస్తాడు. నా ఇల్లు అన్నాడంటే అక్కడేదో వాటాల తగువు నడుస్తోందని అర్థం. ఈ సంగతి తెరలో ఉన్నావిడకి ఎవరు చెబుతారు, చెప్పినా ఏ మెట్టు మీద రాసుకుంటుంది? ఆవిడ చేతిలో ఉన్న కాగితంలో గడులుంటాయి, ప్రతి గడిలోనూ నేను ఉండాలి, నేను గమనించాను, నేను బేరీజు వేశాను, నేను నిర్ణయించాను. పరీక్షకి తయారుచేసే పిల్లొకతె వచ్చి ఆఫీసులో అందరిచేతా వల్లెవేయించింది కూడా, నేను అనండి మేడమ్, గట్టిగా అనండి, సిగ్గుపడకండి అని. సిగ్గేం కాదమ్మా, అబద్ధం అవుతుందని భయం అంది చంటి, అందరూ నవ్వారు. జోడెద్దులని పేరు వాళ్ళిద్దరికీ ఆఫీసులో, ఒకే బల్ల, రెండు కుర్చీలు, ఒకే తెర, చంటి కళ్ళు, వదిన వేళ్ళు. జోడెద్దులు వచ్చాయా అంటూనే మేనేజరు లోపలికి వచ్చేవాడు. ఇప్పుడు ఒక్కో ఎద్దునీ విడిగా తోలుకెళ్ళి నువ్వెంత దున్నావని అడుగుతున్నారు, ఏం చెప్పి చస్తుంది ఎద్దు?

అయినా చెప్పింది. చెబుతుంటే ఆ మధ్యాహ్నం ఎదురుగా వచ్చి నిలబడింది. చెవిలో ఫోను, అన్నయ్యతో ఏదో పోట్లాట, పోట్లాడుతూనే చంటి ఉండన్నయ్యా అని ఆగిపోయి తెరమీద వేలు పెట్టింది, ఈ మెకానిక్ ఓ నెగటివ్ కదా వదినా, బి పాజిటివ్ అంటుందేంటిది? ఆ మెకానిక్ తరచూ వచ్చి రక్తమిచ్చి పోయేవాడు, అరుదైన గ్రూపు కాబట్టి అల్లుడికి చేసినంత మర్యాద చేసేవారు అక్కడ. ఆ పొద్దునే ప్రోగ్రాముకి కొత్త సవరణ ఎక్కించారు. వదిన వేళ్ళు పరుగెత్తాయి, పాత రికార్డులు తీసింది, ఇంకోటి, ఇంకోటి, చంటి చూస్తూ పోయింది, తప్పు, తప్పు, ఇదీ తప్పు, పై వరుసలో మనిషి గ్రూపు కింది వరుసలో మనిషికి జారిపోతోంది, అందరికీ కాదు, పాతవాళ్ళకి మాత్రమే, అదే మరీ ఘోరం, అందరికీ తప్పైతే ఎవరైనా కనిపెడతారు. మేనేజరు ఫోను ఎత్తడం లేదు. ఆపేస్తే ఊళ్ళో ఆసుపత్రులన్నిటికీ రక్తం కదలడం ఆగిపోతుంది, అప్పుడే కత్తి పెట్టిన ఆపరేషన్లు ఎన్ని ఉన్నాయో ఎవరికి తెలుసు, ఆపకపోతే ఎవరి ఒంట్లోకి ఎవరి రక్తమో. ఎక్కించేముందు ఆసుపత్రిలో మళ్ళీ సరిచూస్తారు, నిజమే, కానీ ఆ సరిచూసేవాడు పొద్దుట్నుంచీ నిలబడి నిలబడి ఉన్నవాడైతే? పై అనుమతి లేకుండా ఆపితే ఉద్యోగం పోతుందని ఇద్దరికీ తెలుసు. ఆపేద్దామా? ఆపేద్దాం. వేళ్ళు కదిలాయి. తెర నల్లబడింది. ఆ తర్వాత ఫోన్లు, అరుపులు, సంచుల మీద చీటీలు చూసి చేత్తో రాసుకోవడాలు, సాయంత్రానికి తప్పు దొరకడం, ఒక్కరికీ మారు రక్తం ఎక్కలేదని తెలిశాక ఇద్దరూ చేతులు కడుక్కునే చోట నిలబడి పిచ్చివాళ్ళలా నవ్వడం. నవ్వి నవ్వి చంటి ఏడ్చింది కూడా.

చెప్పడం అయిపోయింది. దుబాసీ చాలాసేపు మాట్లాడాడు అటువైపు. అతను అంతసేపు మాట్లాడుతుంటే వదినకి గోడ వినిపించడం మొదలైంది. అట్టలాంటి గోడ, అవతల చంటి. మాటలు తెలియడం లేదు, మాట నడక తెలుస్తోంది. గబగబా పోతోంది, అంటే కథ చెబుతోందన్నమాట, ఇదిగో ఇక్కడ గొంతు లేచింది, మెకానిక్ దగ్గరికి వచ్చింది, ఇక్కడ నవ్వింది, దాన్నీ ఏ భర్త గురించో అడిగి ఉంటారు. ఎన్నేళ్ళుగానో పక్కన కూర్చున్న గొంతు, చేత్తో తడిమినట్టు తెలుస్తుంది. పెళ్ళై వచ్చిన కొత్తలో ఆ ఇంట్లో వదినతో ఏదీ ఆశించకుండా మాట్లాడిన గొంతు అదొక్కటే. పొద్దున అందరూ ఎక్కడికక్కడ వెళ్ళిపోయేవారు, పనైపోయేది, ఆ పైన మధ్యాహ్నం ఉండేది. అబ్బ, ఆ మధ్యాహ్నాలు! కిటికీ చువ్వల నీడ గచ్చు మీద ఈ మూల నుంచి ఆ మూలకి పాకేది, వదిన ఆ గచ్చు మీద కూర్చుని చూసేది, ఎవరైనా తలుపు కొడితే బాగుండునని చూసేది, సాయంత్రం ఏం చేశావే పొద్దుట్నుంచీ అని మొగుడు అడిగితే ఏం చెప్పాలో తెలిసేది కాదు. ఆయన చెడ్డవాడు కాదు, అడిగాడు, అంతే. చంటికి అప్పుడే కొత్తగా ఉద్యోగం, ఒక రోజు ఆఫీసు కంప్యూటరు ఇంటికి తెచ్చుకుని కూర్చుని, వదినా నువ్వు కొట్టు, నేను చెబుతా, నా వేలికి దెబ్బ తగిలింది అంది. దెబ్బా లేదు, పాడూ లేదు. ఆ సంగతి వదినకి ఏడాది తర్వాత తెలిసింది. అలా మొదలై నేర్పుతూ నేర్పుతూ చివరికి, మా వదిన వస్తేనే నేనూ ఉంటాను అని మేనేజరు దగ్గర మొండికేసి బల్ల పక్కన కుర్చీ వేయించింది. దానికెందుకే ఇవన్నీ అని అన్నయ్య అంటే, వదిన వేళ్ళు చూశావా అన్నయ్యా, ఎంత బాగా పరిగెడతాయో, ఇంట్లో పారేసుకుంటావా అంది. తన వేళ్ళ గురించి ఎవరైనా మంచిమాట అనడం వదినకి అదే మొదలు.

ఇప్పుడు ఆ కుర్చీ పోతుంది. పోతే మళ్ళీ ఆ మధ్యాహ్నాలే. ఈ వయసులో ఇంకో చోట ఎవరిస్తారు, ఏ చోటైనా నాలుగో మెట్టే అడుగుతారు, అన్ని దేశాల్లోనూ ఇదే కొలబద్దట కదా, ఎక్కడికి పారిపోయినా మెట్లు ముందే వెళ్ళి కూర్చుంటాయి. చంటికి పోదా? దానికీ పోతుంది. పెళ్ళి వద్దంది, మేడమీద గదిలో ఒక్కతీ ఉంటుంది, పనంటే ప్రాణం దానికి, ఆదివారం వస్తే ఒంట్లో బాగాలేనిదానిలా తిరుగుతుంది. ఇది తెలిసీ తను ఈ లెక్కలు వేస్తోంది, ఛీ, ఏం మనిషివే నువ్వు అని తనని తనే తిట్టుకుంది, తిట్టుకుంటూనే లెక్క వేస్తోంది. మేము అంటే ఇద్దరం మునుగుతాం. చంటి అంటే, అవతల అదీ తన పేరే చెప్పుకుని ఉంటే అది బతుకుతుంది, చెప్పుకుని ఉండకపోతే ఇద్దరం మునుగుతాం. అది చెప్పుకుంటుందా? చంటి సంగతి తనకి తెలియదా, నలుగురికీ ఒక మాట చెప్పి చివరికి తనొక్కతే చేదు మింగే రకం, లేని దెబ్బ వేలికి కట్టుకున్న రకం. నిన్న బస్సులో మేము అనే చెబుదాం అంటూ కిటికీలోంచి బయటికి చూసింది. మొహంలోకి చూసి చెప్పలేదు. అది మేము అనదు. అన్నీ తెలిసినట్టే ఉంది, ఏదీ తెలియనట్టూ ఉంది, అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే కాబోలు.

గోడ అవతల గొంతు తగ్గింది. ఒక మాట వినిపించింది, పొట్టి మాట. వదినా అన్నట్టు లేదూ? చివర అలా సాగింది, వదినా అంటే అలాగే సాగదీస్తుంది, ఇంటి గుమ్మం దగ్గర్నుంచి పిలిచేటప్పుడు. లేకపోతే కాదేమో, అవునండీ అని ఉంటుందేమో, అయిపోయిందా అని ఉంటుందేమో. తను వినాలనుకున్నది విందేమో. చెవులు రిక్కించింది, కుర్చీ ఇంకాస్త దిగింది, గోడ మూగబోయింది. ఒక్కసారి లేచి వెళ్ళి తలుపు కొట్టి, ఏమే, ఏం చెప్పావే అని అడిగితే చాలు, అడుగు దూరం, అడుగు వేయడానికి లేదు. పక్కనే ఉన్న మనిషి మనసులో మాట తెలుసుకోవడానికి సముద్రాల అవతల మనిషి అనుమతి కావాలి.

"మేడమ్ బాగుందన్నారండీ, చాలా స్పష్టంగా చెప్పారట," అన్నాడు దుబాసీ. "ఒక్క ప్రశ్న మిగిలింది. ఆపేద్దామా అని ఒకరు అడిగారు, ఆపేద్దాం అని ఒకరు తేల్చారు. తేల్చింది ఎవరు అని."

"మేమే అండీ."

వెళ్ళింది. వచ్చింది. "ఆ మేములో ఎవరు అంటున్నారు."

తెరమీద ఆవిడ ముందుకి వంగింది. కళ్ళల్లో జాలి కూడా ఉంది, ఒక్క మాట అనమ్మా, అంటే నేను గడి నింపేస్తాను అన్నట్టుంది. వదిన ఆ మధ్యాహ్నంలోకి మళ్ళీ వెళ్ళింది. ఎవరన్నారు? చంటి మొహం కనిపిస్తోంది, తన వేళ్ళు కనిపిస్తున్నాయి, రెండు మాటలూ వినిపిస్తున్నాయి, గొంతే లేదు వాటికి. ఇన్నేళ్ళలో గొంతులు కూడా కలిసిపోయాయి, ఫోన్లో మొగుడు కూడా పోల్చుకోలేడు ఒక్కోసారి. పోనీ రెండూ ఒక్కరే అన్నారేమో. దాం అంటేనే ఇద్దరు కదా, ఆపుతాను అనలేదు, ఆపెయ్యి అనలేదు, ఆపేద్దాం అన్నారు, దాన్ని ఒక్కరి నెత్తిన ఎలా పెడతారు? ఈ ముక్క దుబాసీకి చెప్పాలని నోరు తెరిచింది, అతనికి ముందే తెలుసు, అతనిదీ ఈ భాషే, అటు చెప్పడానికే ఆవిడ భాషలో మాట లేదు. అప్పుడు వచ్చింది జ్ఞాపకం, ఎక్కడినుంచి వచ్చిందో, పిలవని పేరంటంలా, ఆపేద్దాం అని తన గొంతుతోనే, గట్టిగా, చంటి వైపు చూడకుండా. తనే అంది. ఎందుకు అని ఉండకూడదు? వేళ్ళు తనవి కావా? మీట నొక్కిన చెయ్యి తనది కాదా? ఎంత కావాలనుకుంటే అంత స్పష్టంగా వినిపిస్తోంది, వినిపిస్తున్నకొద్దీ ఏడుపొస్తోంది.

"నేను," అంది వదిన.

దుబాసీ దగ్గలేదు. "నేను అనే చెప్పమంటారా అండీ?"

"అనే చెప్పండి. నేనే అన్నాను."

చాలా చిన్న మాట అయి వెళ్ళింది అటు. ముందు ఆవిడ పెదవులు విచ్చుకున్నాయి, మొదటిసారి నవ్వింది, తల వంచి రాసుకుంది, రాస్తున్న చప్పుడు కాస్త ఆలస్యంగా వచ్చింది. ధన్యవాదాలన్నారు, ఫలితం ఇద్దరి జవాబులూ చూశాక వారంలో చెబుతామన్నారు, ఇంకేమైనా అడుగుతారా అన్నారు. ఇప్పుడే అన్న మాట వెనక్కి తీసుకోవచ్చా అని అడగాలనుకుంది. అడగలేదు. తెర ఆరిపోయింది, ఆరిన తెరలో తన మొహం కనిపించింది, బల్లకి సగం కింద. లేచి నిలబడితే కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి.

నడవాలో చంటి అప్పటికే వచ్చి బెంచీ మీద కూర్చుంది, సంచి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహం మాత్రం తేటగా ఉంది, పెద్ద పనేదో అవగొట్టుకుని వచ్చినట్టు. వదినని చూడగానే లేచి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"తిట్టకు వదినా. నువ్వే అన్నావని చెప్పేశాను."

వదిన పక్కనున్న గోడకి ఆనుకుంది.

"నిన్న నీతో అలా అనకపోతే నువ్వు వినేదానివా? ముందే తెలిస్తే నువ్వు నా పేరు చెప్పి మొత్తం చెడగొట్టేదానివి. అందుకే మేము అనే చెప్పమన్నాను. ఒకరు పేరు చెప్పి ఇంకొకరు మేము అంటే, ఆ మేము అన్నవాళ్ళని ఇంకో రోజు పిలిచి మళ్ళీ ఒకసారి అడుగుతారట, పరీక్ష పెట్టేవాళ్ళని ముందే కనుక్కున్నా, అప్పుడు నీచేత నేను అనిపించవచ్చు. అన్నది నేనే అనుకో. నీకు గుర్తులేదా? నువ్వు ఆపేద్దామా అని నా మొహంలోకి చూశావు, ఏడుపు మొహం పెట్టుకుని. నేను ఆపేద్దాం అన్నా. పోతే పోనీ, నాకేం, ఎక్కడో ఒక చోట దొరుకుతుంది. నువ్వు మళ్ళీ ఆ ఇంట్లో గచ్చు మీద కూర్చుంటే నేను చూడలేను బాబూ." గబగబా చెప్పుకుపోతోంది, గోడ అవతల వినిపించిన నడకే. "ఇంతకీ ఏం చెప్పావు? మేము అనే కదా? నా పేరు చెప్పి నీళ్ళపాలు చెయ్యలేదు కదా? నీ బుద్ధి నాకు తెలుసు, చివర్లో చంటే అని ఉంటావు. నిజం చెప్పు."

వదిన తల అడ్డంగా ఊపింది.

"చెప్పలేదా? హమ్మయ్య. మరి?"

నడవా చివర ఎవరో తలుపు వేసుకుని వెళ్ళిపోయారు. వదిన చంటి చేతి వైపు చూసింది, తన వేళ్ళు పట్టుకుని ఉన్న చేతి వైపు, పైకి చూడలేకపోయింది. చెప్పాల్సింది ఒక్క మాట, ఇందాక ఎంత తేలిగ్గా వచ్చింది, ఇప్పుడు రావడం లేదు. చంటి వదిన మొహం చూసింది. పట్టుకున్న చెయ్యి వదల్లేదు గానీ, పట్టు కొంచెం సడలింది.

"పోనీలే," అంది. "ఇద్దరం ఒకే మాట చెప్పాం."